తోక కింది అట్టముక్క

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన రసమట్టం. తాపీమేస్త్రిగా నలభై ఏళ్ళు గోడలు లేపిన మనిషి. చేతిలో ఎప్పుడూ రసమట్టమే: మూరెడు బద్ద, బద్ద మధ్యలో గాజుగొట్టం, గొట్టంలో బుడగ. ఆ బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి కూర్చుంటే సరే సరి, లేదంటే కట్టిన వరస కట్టినట్టే పీకించేవాడు. ఇంటివాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా వినేవాడు కాదు. మోకాళ్ళు అరిగిపోయి, పని మానేసి, కూతురి ఇంటికి చేరాక కూడా ఆ రసమట్టం ఆయన మంచం తలాపునే ఉంది. కూతురింట్లో అద్దం, గోడగడియారం, ఆఖరికి గ్యాసుపొయ్యి కూడా ఆ బుడగ ముందు పరీక్షకు నిలబడ్డవే.

ఆ పరీక్షలో ఎప్పుడూ తప్పేది మాత్రం అల్లుడే. అతను స్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు. పిల్లలు వాడి పడేసిన గాజుసామాను కడగడం, తుడవడం, బీరువాలో పెట్టి తాళం వేయడం అతని పని. ఇంట్లో మేకు కొడితే గోడ పెచ్చులూడేది. "ఆ చేతికి సుత్తి ఇవ్వకే తల్లీ, గోడ ఏడుస్తోంది" అని మామగారు కూతురితో అనేవాడు, అల్లుడికి వినబడేంత గట్టిగా. అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. ఎదుటివాడు ఊరుకుంటున్నకొద్దీ కొందరికి నోరు ఊరుకోదు, ఏం చేస్తాం! తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. ఒక్కనాడు ఒక్క మంచిమాట లేదు.

ఆ అల్లుడికి ఎక్కడ పట్టుకుందో విమానాల పిచ్చి పట్టుకుంది. టీవీల పెట్టెల్లో వచ్చే తెల్లటి గట్టి ఫోమును కోసి, అతికించి, రిమోటుతో ఎగిరే బుల్లి విమానాలు చేయడం మొదలుపెట్టాడు. రెండేళ్ళలో ఎన్ని పడ్డాయో లెక్కలేదు. ఆ తర్వాత ఎగరడం మొదలుపెట్టాయి. అప్పుడు భయపడుతూ భయపడుతూ వెళ్ళి పెద్దమేడాన్ని అడిగాడు. ఆ స్కూలు ప్రధానోపాధ్యాయురాల్ని పిల్లలూ పెద్దలూ అలాగే పిలుస్తారు. పిల్లలకి తను విమానాలు చేయడం నేర్పిస్తానన్నాడు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "శనివారం పొద్దున గ్రౌండులో అందరి ముందూ ఎగరేసి చూపించండి. బాగా ఎగిరితే పై వారం నుంచి వారానికి రెండు పీరియడ్లు మీవే. పాఠం కూడా మీరే చెప్పాలి" అంది.

అటెండరు పాఠం చెప్పడం! ఇంటికొచ్చి ఆ మాట భార్యకి రెండుసార్లు చెప్పాడు. బుధవారం నాడే శనివారం వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చి తలుపుకి తగిలించాడు. దాని పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ భార్య నవ్వేది.

శుక్రవారం సగంపూట సెలవు పెట్టాడు. భోజనాలయ్యాక ముందుగదిలో బల్ల మీద విమానానికి తోక అతికించే పని మొదలైంది. మిగతాదంతా సిద్ధంగా ఉంది. విమానం ఒంటిని ఒక అట్టపెట్టెకి గాడి కోసి అందులో కూర్చోబెట్టాడు. పొడవాటి రెక్కను ఒంటి మీద పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. ఇక తోకలో రెండే ముక్కలు: ఒకటి అడ్డంగా కూర్చునేది, దాని మీద ముందే అతికించి నిలబెట్టింది ఇంకొకటి. అడ్డముక్క వెనక అంచున టేపుతో అతికిన సన్నటి పలక ఉంది. రిమోటు నొక్కితే ఆ పలక పైకీ కిందకీ ఆడుతుంది, దాన్ని బట్టే విమానం ముక్కు లేస్తుంది, దిగుతుంది.

మామగారు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. ఆయనకి పిలుపులతో పనేముంది!

అల్లుడు ఫోమును తినేయని తెల్లజిగురు రెండువైపులా పల్చగా రాశాడు. వేలికి కాస్త అంటుకునేదాకా ఆగాడు. అప్పుడు అడ్డముక్కను మెల్లిగా దాని చోట పెట్టాడు. విమానం ముక్కు మధ్యలో గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, తోక ఈ కొస దాకా ఒకసారి, ఆ కొస దాకా ఒకసారి లాగి చూశాడు. వెంట్రుకవాసి తేడా ఉంటే సర్దాడు. తర్వాత పది అడుగులు వెనక్కి, గుమ్మం దాకా వెళ్ళి, ఒక కన్ను మూసి చూశాడు. ముందున్న రెక్కా వెనకున్న తోకా ఒకే గీతలో ఉన్నాయి.

"దారాలతో కొలవడానికి అదేమన్నా లంగా జాకెట్టా?" అన్నాడు మామగారు. "బల్ల మీద పెట్టావు కదా, శుభ్రంగా మట్టం పెట్టి చూసుకోవయ్యా."

"గాలిలోకి పోయాక నేలతో పని లేదు మామయ్యా. తోక రెక్కకి సమంగా ఉంటే చాలు, బల్లకి సమంగా ఉండక్కర్లేదు."

అతను ఎంతో మామూలుగానే అన్నాడు. కానీ నలభై ఏళ్ళు నేలనే నమ్ముకున్న మనిషికి అది చెంపమీద కొట్టినట్టే తగిలింది. పరీక్షనాళికలు కడిగేవాడు నాకు మట్టం నేర్పుతున్నాడా అనుకున్నాడు ఆయన.

"రేపు పొద్దుటికి గానీ జిగురు గట్టిపడదు" అంటూ అల్లుడు రబ్బరు బ్యాండ్లు విప్పి, తోక మీద బరువు పడకుండా రెక్కను తీసి బీరువా మీద పెట్టాడు. బ్యాటరీలు చార్జింగు పెట్టుకోవడానికి స్కూలుకి వెళ్ళాడు. కూతురు వెనకవైపు బట్టలు ఆరేస్తోంది.

ముందుగదిలో రసమట్టం, ఆయన రసమట్టం మిగిలారు.

ముట్టుకోవాలని ఆయన అనుకోలేదు. ఊరికే చూద్దామనే అనుకున్నాడు. తోక మీద బద్ద మెల్లిగా ఆనించాడు. బుడగ ఎడమకి జరిగి కూర్చుంది. కొంచెమేం కాదు, సగం బుడగ గీత దాటింది. "చూశావా! చూశావా మరి!" అని పైకే అన్నాడు. ఆ అట్టపెట్టె ఒకవైపు నలిగి విమానం ఒళ్ళే పక్కకి ఒరిగి ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు. పక్కన పెట్టి పోల్చుకోవడానికి రెక్క కూడా లేదు. ఆయనకి కనబడింది బుడగ ఒక్కటే.

తోక ఒక కొస పట్టుకుని పైకెత్తాడు. సగం పట్టిన జిగురు సన్నగా తీగలు సాగి తెగింది. మోకాళ్ళ మాత్రల పెట్టె చింపి, ఒక అట్టముక్క తీసి, రెండు మడతలు పెట్టి ఆ సందులోకి దోపాడు. బుడగ వచ్చి మధ్యలో కూర్చుంది. తోకను అలాగే అదిమిపట్టి, గడియారంలో పెద్దముల్లు పావు చుట్టు తిరిగేదాకా కదలకుండా కూర్చున్నాడు. అల్లుడికి చెప్పకూడదనుకున్నాడు. రేపు విమానం ఎగిరాక, పెద్దమేడం మెచ్చుకుంటుండగా, అప్పుడు అనాలి: "తోక సరిచేసింది నేనేనమ్మా" అని. ఆ మాట ఎలా అనాలో రెండుసార్లు లోపల్లోపల అనుకుని కూడా చూసుకున్నాడు.

శనివారం గ్రౌండులో పిల్లలు బారులు తీరారు. మూడువందల మందికి తక్కువుండరు. అల్లుడు ఇస్త్రీ చొక్కాలో, రెక్క బిగించి, రిమోటు నొక్కి, తోక వెనకున్న పలక పైకీ కిందకీ ఆడటం చూసుకున్నాడు. వెనక్కెళ్ళి కన్ను మూసి చూడటం ఒక్కటి మానేశాడు. చుట్టూ పిల్లలు మూగారు, పైగా నిన్న చూసిందే కదా అనుకున్నాడు. ఇంట్లోనే దొంగ ఉన్నాడని అతనికేం తెలుసు!

విమానం లేచింది. పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. అది ఎడమకి ఎడమకి లాగుతుంటే అల్లుడు బొటనవేలితో కుడికి పట్టి ఉంచాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ తిరిగింది. మామగారి ఛాతీ పొంగింది, నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. మూడో చుట్టులో అల్లుడు ముక్కు పైకి లేపాడు. తోక ఊడి వచ్చేసింది. విమానం తలకిందులై నేలకి కొట్టుకుంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గ్రౌండంతా నవ్వింది.

తోక గాలిలో తేలుతూ వచ్చి మామగారికి నాలుగడుగుల దూరంలో పడింది. ఆయన వంగి తీశాడు. అట్టముక్క సగం బయటికి వేలాడుతోంది. అతుకు చూశాడు. రెండువైపులా జిగురు నున్నగా, దేని పొర దానికి ఎండిపోయి ఉంది. ఒకదాన్నొకటి పట్టుకోనే లేదు. ఒక్క చూపులో ఆయనకి అంతా తెలిసిపోయింది. పట్టు మొదలైన సిమెంటును కదిపితే ఇక జన్మలో పట్టదు, చెయ్యి తియ్యరా వెధవా అని ఎంతమంది కూలీల మీద అరిచాడో! ఆ మాట మీదే కదా ఆయన నలభై ఏళ్ళు బతికింది! తీరా తనే కదిపాడు.

అప్పుడాయన చేసిన పని ఇంకెవరైనా చేసి ఉంటే మెడ పట్టి గెంటేవాడు. అట్టముక్క లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెయ్యి అంత చురుగ్గా కదిలి ఎన్నేళ్ళయిందో.

పెద్దమేడం వచ్చింది. "ఏమైందండీ?"

అల్లుడు మామగారి చేతిలోంచి తోక తీసుకుని తిప్పి చూశాడు. అతని మొహం చిన్నబోయింది. "జిగురు పట్టలేదు మేడం. నేనే సరిగ్గా అతికించలేదు. తప్పు నాదే."

ఆవిడ మామగారి వైపు తిరిగింది. "మీరు మేస్త్రి గారట కదా. మీరైనా ఒకసారి చూసి చెప్పాల్సింది."

ఇదిగో, ఇక్కడ చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి వచ్చింది ఇది: "చెప్పానమ్మా. వింటేగా!"

అల్లుడు తల వంచుకున్నాడు. "సరే, వచ్చే ఏడాది చూద్దాం లెండి" అని ఆవిడ పిల్లల్ని క్లాసులకి పంపించేసింది.

ఇంటికొచ్చాక అల్లుడు ఇస్త్రీ చొక్కా విప్పి, మడతపెట్టి, పెట్టెలో అడుగున పెట్టాడు. ఫోము ముక్కలు, జిగురు, దారం అన్నీ ఒక గోనెసంచీలో కూరి మూతి కట్టాడు. కూతురికి కడుపు మండిపోయి ఉంది. "చేతకానప్పుడు ఒప్పుకోకుండా ఉండాల్సింది కదండీ! అంతమంది పిల్లలు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది" అంది. పక్కగదిలో పళ్ళెం ముందున్న మామగారికి ఆ మాట వినబడింది. తల కొట్టేయించుకోవాల్సిన వాడు ఇక్కడ కూర్చుని అన్నం తింటున్నాడే అనుకున్నాడు. పళ్ళెం పక్కకి తోసేశాడు. "ఏం నాన్నా, కూర బాలేదా?" అని కూతురు అడిగితే, "మోకాళ్ళు" అన్నాడు. మోకాళ్ళకీ కూరకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

రెండు రోజులు మామగారు తన చొక్కా ఉతకడానికి వేయలేదు. జేబులో అట్టముక్క ఉంది. పారేయొచ్చు, వీధిలో చెత్తకుండీకి కొదవా? పారేయడానికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ జేబు తడుముకుని వెనక్కి వచ్చాడు. అద్దంలో మొహం చూసుకోవాలంటే ఒళ్ళు చచ్చిపోతోంది. చెబుదామంటే నోరు రాదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? వింటేగా అన్న నోటితోనా?

సోమవారం సాయంత్రం వంటగదిలో గరిటెలు తగిలించే మేకు ఊడిపోయింది. అల్లుడు సుత్తీ మేకూ పట్టుకొచ్చి మామగారి ముందు నిలబడ్డాడు.

"మీరే కొట్టండి మామయ్యా. నా చేత్తో చేసిందేదీ నిలబడదు."

ఎగతాళి కాదు. అలిగీ కాదు. మనస్ఫూర్తిగా నమ్మి అన్నాడు. తొమ్మిదేళ్ళుగా తను అంటూ వచ్చిన మాటే అల్లుడి నోట విని రసమట్టం కుర్చీలో కూలబడ్డాడు. సుత్తి అందుకోలేదు.

"కూర్చో అల్లుడూ."

"ఏంటి మామయ్యా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. బుద్ధే బాలేదు." జేబులోంచి అట్టముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. "విమానం పడింది నీ చేతి వల్ల కాదు. నువ్వు స్కూలుకెళ్ళాక తోక లేపి ఇది దోపాను. బుడగ మధ్యకి రాలేదని."

అల్లుడు మడతలు విప్పాడు. మోకాళ్ళ మాత్రల పేరు మీద తెల్లజిగురు మరక ఎండి ఉంది.

"నేను మేడంతో తప్పు నాదే అన్నప్పుడు మీరు నా పక్కనే ఉన్నారు కదా మామయ్యా?"

"ఉన్నాను."

"అప్పటికే ఇది మీ జేబులో ఉంది."

"ఉంది."

"చెప్పాను, వింటేగా అన్నారు."

"అన్నాను" అన్నాడు ముసలాయన. ఆ ఒక్క ముక్క అనడానికి ఆయనకి చచ్చినంత పనైంది.

అల్లుడు అట్టముక్కను మళ్ళీ అవే మడతల మీద మడిచి ఆయన చేతికి ఇచ్చాడు. సుత్తి చప్పుడు కాకుండా కింద పెట్టి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే, తినాల్సినవి తిన్నానని ఆయన ఆ పూట కాస్త కళ్ళు మూసుకునేవాడు.

మంగళవారం పొద్దున ముసలాయన ఎవరికీ చెప్పకుండా స్కూలుకి బయల్దేరాడు. పెద్దమేడం గది రెండో అంతస్తులో ఉంది. మెట్టుకి ఒకసారి ఆగుతూ ఎక్కాడు. అట్టముక్క ఆవిడ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్క మాట దాచుకోలేదు, వింటేగా అన్నదాంతో సహా.

ఆవిడ బెల్లు కొట్టించి అల్లుణ్ణి పిలిపించింది. అతను తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి, మామగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈయన చెప్పేది నిజమేనా?"

"నిజమే మేడం. కానీ ఎగరేసే ముందు వెనక నుంచి ఒకసారి చూసుకోవాలి. అది నేను చూడలేదు. నేను చూసుకుని ఉంటే అక్కడే పట్టుబడేది."

ఇప్పుడు కూడా తన వంతు తప్పు తనే మోస్తున్నాడు. మామగారికి నేల చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

పెద్దమేడం అల్లుడి వైపు తిరిగింది. "ఈ శనివారం మళ్ళీ ఎగరేయండి. కానీ పిల్లలు నవ్వింది మిమ్మల్ని చూసి. వాళ్ళకి అసలు సంగతి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతానమ్మా" అన్నాడు రసమట్టం. "ఎగరేసే ముందే, అందరి ముందూ."

ఆ వారమంతా అల్లుడు మామగారితో అవసరమైన మాటలే మాట్లాడాడు. మంచినీళ్ళు కావాలా, మాత్ర వేసుకున్నారా, అంతే. గోనెసంచీ మూతి మాత్రం విప్పాడు. పగిలిన ముక్కుకి కొత్త ఫోము వేసి టేపు చుట్టాడు. కూతురికి సంగతంతా ఎవరు చెప్పారో గానీ, ఆమె మొగుడికి రోజూ రెండు టీలు ఎక్కువ ఇచ్చింది. తండ్రితో ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ అదే బల్ల, అదే దారం. ఈసారి అట్టపెట్టె కొత్తది. మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకోలేదు, గోడవారనే కూర్చున్నాడు. రసమట్టం ఆయన గదిలో మంచం కింద ఉంది. అల్లుడు జిగురు రాసి, ఆగి, తోక పెట్టి, దారం లాగి, గుమ్మం దాకా వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు. ముసలాయన కూడా తన చోటు నుంచే తల వంచి చూశాడు.

"సమంగా కుదిరింది అల్లుడూ. నీ చెయ్యి మంచిది" అన్నాడు.

తొమ్మిదేళ్ళకి వచ్చిన మాట. అల్లుడు వినే ఉంటాడు. వెనక్కి తిరగలేదు. రెక్క తీసి బీరువా మీద పెట్టాడు. బ్యాటరీల కోసం వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఏదో రాసి, తోక పక్కన బల్లకి టేపుతో అతికించి వెళ్ళిపోయాడు.

ముసలాయన లేచి వెళ్ళి చదివాడు. పిల్లల కోసం ల్యాబులో రాసి పెట్టేలాగే గుండ్రటి పెద్ద అక్షరాలు: "జిగురు ఆరుతోంది. ముట్టుకోవద్దు."

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఒకరు రాసినవాడు. ఇంకొకామె ఏనాడూ విమానం జోలికి పోలేదు. ఆ కాగితం ఎవరి కోసమో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆయన చెవులు వేడెక్కాయి. రేపు మూడువందల మంది ముందు నిలబడి చెప్పడం కన్నా, తనుండే ఇంట్లో, తన పేరు లేకుండా తనకే రాసిన ఆ రెండు ముక్కలు చదవడమే కష్టమనిపించింది.

కోపం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. తనైనా ఇలాగే రాసి పెట్టేవాడు, కాకపోతే ఇంత మర్యాదగా రాసేవాడు కాదు.

కుర్చీ తెచ్చుకుని బల్లకి ఎదురుగా వేసుకున్నాడు. కిటికీలోంచి గాలి వస్తుంటే లేచి మూసేశాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తోకను చూస్తూ కూర్చున్నాడు. కూతురు టీ తెచ్చి, కాగితం చదివి, తండ్రి మొహం చూసి, గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అల్లుడు వచ్చాడు. మామగారు కుర్చీలోంచి కదలకుండా, "ముట్టుకోలేదు" అన్నాడు. అడక్కుండానే అన్నాడు.

అల్లుడు తల ఊపాడు. అయినా దారం తీశాడు. ఈ కొసకి ఒకసారి, ఆ కొసకి ఒకసారి కొలిచాడు. బీరువా మీది రెక్క దించి, మెల్లిగా కూర్చోబెట్టి, గుమ్మం దాకా వెళ్ళి కన్ను మూసి చూశాడు. వెనక్కి వచ్చి తోక కిందికి వంగి, అతుకు చుట్టూ వేలు పోనిచ్చి మరీ చూశాడు. పోయిన శుక్రవారం తిరిగొచ్చాక ఇవేవీ చేయలేదు, అప్పటికి అతనికి ఇంట్లోవాళ్ళ మీద నమ్మకం ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలాయన తల తిప్పుకోకుండా అదంతా చూశాడు.

"సరిగ్గానే ఉంది మామయ్యా" అన్నాడు అల్లుడు. దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు, రెక్క తీసి మళ్ళీ బీరువా మీద పెట్టాడు.

కాగితం మాత్రం తీయలేదు. ఆయన కూడా తీయమని అడగలేదు.